మండే ముఖానికి మొటిమల క్రీము: అడాపలీనా, ట్రెటినాయినా, ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా. ఏది రాసినా చుర్రుమనే ముఖం, దానికి తోడు మొటిమలు, ఈ రెండూ ఉన్నవాళ్లు అడాపలీన్ 0.1 శాతంతో మొదలుపెట్టడమే నయం. ట్రెటినాయిన్ చెడ్డదని కాదు, అవసరమైతే దాని దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

రెండూ విటమిన్-ఎ కుటుంబానివే, రంధ్రాలు పూడుకుపోకుండా చూడటమే రెండింటి పనీ. ట్రెటినాయిన్ పాతకాపు, అమెరికాలో 1971 నుంచి మొటిమలకు వాడుతున్నారు, ముఖం మీద గీతలకు, ఎండ మచ్చలకు కూడా దానికే పేరు ఎక్కువ. అక్కడే 1996లో అనుమతి తెచ్చుకున్న అడాపలీన్ మొటిమల వరకు 0.025 శాతం ట్రెటినాయిన్ జెల్‌కు దాదాపు సమానంగా పనిచేస్తుంది, కానీ మంట, ఎరుపు, పొట్టు లేవడం తక్కువ. మన దగ్గర ఇది పెద్ద విషయం, ఎందుకంటే మన చామనఛాయ చర్మం ఊరికే మండి ఊరుకోదు, మండిన చోట నల్ల మచ్చ పెడుతుంది, ఆ మచ్చ మొటిమ కంటే ఎక్కువ నెలలు ఉంటుంది.

ఇంకో తేడా మొటిమలకే రాసే మరో మందు, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో వస్తుంది. పాత రకం ట్రెటినాయిన్‌ను దానితో కలిపి ఒకేసారి రాస్తే, వెలుతురు కూడా తోడైతే, మందు చెడిపోతుంది. అడాపలీన్ తట్టుకుంటుంది, ఈ రెండూ కలిపిన ట్యూబులే దొరుకుతాయి. కాకపోతే సున్నితమైన చర్మానికి ఆ కలిపిన ట్యూబు మొదటి నెలలోనే వద్దు. (బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన దిండు గలీబు, టవలు రంగు వెలిసిపోతాయి, పాతవి వాడుకోండి.)

నిజానికి మందు పేరు కంటే రాసే పద్ధతే ఎక్కువ తేడా తెస్తుంది. బఠాణీ గింజంత, ముఖమంతటికీ అంతే, మొటిమ మీద చుక్కలు పెట్టడం కాదు. కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్, దాని మీద మందు, కావాలంటే మళ్లీ మాయిశ్చరైజర్. ముక్కు పక్క మడతల్లో, పెదవుల మూలల్లో ముందే కాస్త వాజిలీన్ పెట్టండి, పొట్టు మొదట లేచేది అక్కడే. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, తట్టుకుంటే రోజు విడిచి రోజు. ఇలా కూడా మండితే అరగంట ఉంచి కడిగేసే పద్ధతి ఉంది, డాక్టర్‌ని అడగండి. ఇది వాడినన్నాళ్లూ నిమ్మరసం, స్క్రబ్బు, సున్నిపిండి రుద్దుడు, పార్లర్లో ముఖానికి వాక్సింగ్ బంద్. పొద్దున సన్‌స్క్రీన్ తప్పదు.

మొదటి కొన్ని వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు ఉండొచ్చు, టెన్షన్ పడి ట్యూబు పారేయకండి, పని తెలియడానికి మూడు నెలలు పడుతుంది. ముఖం వాచినా, రసి కారినా మాత్రం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మూడో రకం కూడా ఒకటి తిరుగుతోంది, అసలు భయపడాల్సింది దానికే. ట్రెటినాయిన్, చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన క్రీమును కొన్ని మెడికల్ షాపుల్లో డాక్టర్ చీటీ లేకుండా "తెల్లబడుతుంది" అని ఇచ్చేస్తారు. వారంలో ముఖం నిగనిగలాడుతుంది, స్టెరాయిడ్ మంటను అణచేస్తుంది మరి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్న నరాలు కనిపించి, ఆపిన వెంటనే మొటిమలు రెట్టింపుగా ఎగదన్నుతాయి. ట్యూబు కొనేముందు వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు 2016 నుంచి అడాపలీన్ 0.1 జెల్ చీటీ లేకుండానే దొరుకుతోంది, ట్రెటినాయిన్‌కు చీటీ కావాలి. ఇక్కడ రెండింటికీ డాక్టర్‌ని అడిగే వెళ్లండి. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెండూ వాడకూడదు.

మరి ట్రెటినాయిన్ ఎవరికి? అడాపలీన్‌ను ఏ గొడవా లేకుండా తట్టుకుని, మొటిమలు తగ్గాక కూడా గీతలు, ఎండ మచ్చల మీద దృష్టి ఉన్నవాళ్లకు. అప్పుడు కూడా 0.025 క్రీము, జెల్ కాదు, మళ్లీ వారానికి రెండు రాత్రుల నుంచే.