అద్దాల బంతిలో దాగిన పాట: యూ2 ‘డిస్కోటెక్’

యూ2 బృందం 1997 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘డిస్కోటెక్’ సింగిల్‌ను నేను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. మొదట క్యాసెట్‌లో, తరువాత సీడీలో, ఇప్పుడు ఫోనులో విన్నాను. నాసిరకం స్పీకర్ల మీదా, మంచి హెడ్‌ఫోన్ల మీదా విన్నాను. దీన్ని చాలామంది సరదా పాటగా తీసిపారేశారు. అది పొరపాటని ఇన్నేళ్ల తరువాత గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మొదట్లో నేనూ అదే పొరపాటు చేశాను. పాటను విడిగా వినకముందే టీవీలో వీడియో చూశాను. నలుగురూ వేషాలు కట్టుకొని చిందులు వేయడమే కళ్ల ముందు నిలిచిపోయి, చాలాకాలం పాటను పాటగా వినలేకపోయాను.

డబ్లిన్‌కు చెందిన ఈ బృందం 1987లో ‘ది జాషువా ట్రీ’ ఆల్బమ్‌తో గంభీరమైన రాక్ సంగీతానికి పెట్టింది పేరయింది. 1991లో వచ్చిన ‘అక్టుంగ్ బేబీ’తోనే ఎలక్ట్రానిక్ ధ్వనుల వైపు మొగ్గింది గానీ, ‘డిస్కోటెక్’ ఉన్న ‘పాప్’ ఆల్బమ్‌కు వచ్చేసరికి పని చేసే పద్ధతే మారిపోయింది. నిర్మాత ఫ్లడ్‌కు తోడుగా డ్యాన్స్ సంగీతం నుంచి వచ్చిన హౌవీ బీ చేరారు. పైగా ఆ ఆల్బమ్ పని మొదలైన రోజుల్లో డ్రమ్మర్ లారీ ముల్లెన్ వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకొని కోలుకుంటూ ఉండడంతో, మిగిలినవారు లూప్‌ల (మళ్లీ మళ్లీ తిరిగే ధ్వని ముక్కల) మీదా శాంపిళ్ల (వేరే రికార్డింగుల నుంచి తీసుకున్న ముక్కల) మీదా పాటలు కట్టడం మొదలుపెట్టారు. లారీ తిరిగి వచ్చాక ఆ యంత్రపు దరువుకు మనిషి దరువు జతపడింది. ఈ సంగతి మనసులో పెట్టుకొని వింటే ‘డిస్కోటెక్’ మరో రకంగా వినిపిస్తుంది. యంత్రం కొలిచినట్టు సమంగా నడుస్తుంటే, దాని మీద లారీ కొట్టే దెబ్బలకు ఒక బరువు, ఒక మొండితనం ఉంటాయి. ఆ రెండింటి మధ్య రాపిడే ఈ పాటకు ప్రాణం.

పాట ఎత్తుగడ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదట వినిపించేది సింథసైజర్ (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యం) అని నేను ఏళ్ల తరబడి అనుకున్నాను. నిజానికి అది అకూస్టిక్ గిటార్. దాన్ని శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ గుండా పంపి, ఏఆర్‌పీ 2600 అనే పాతకాలపు సింథసైజర్ గుండా కూడా నడిపించారు. ఇది తెలిసిన రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆ మొదటి కొన్ని క్షణాలనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకొని విన్నాను. మూసిన తలుపు వెనక నుంచి వస్తున్నట్టు అణగిన శబ్దం మెల్లమెల్లగా విప్పారుతుంది. అంత వడపోత తరువాత కూడా తీగను మీటిన గరుకు లోపల ఎక్కడో మిగిలే ఉంటుంది. అది చెవికి తగిలిన క్షణం నుంచి దీన్ని రాక్ బృందం దారి తప్పి చేసిన డ్యాన్స్ పాటగా నేను ఎన్నడూ వినలేదు. తమ చేతిలో ఉన్న గిటార్‌నే కొత్త యంత్రంలో వేసి ఏమి వస్తుందో చూద్దామనుకున్న నలుగురి పట్టుదల అందులో వినిపించింది. ఆ తరువాత గిటారిస్టు ఎడ్జ్ అసలు రిఫ్‌ను, అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరుసను, అందుకుంటాడు. అది పదునుగా, పొట్టిగా, ఒక్కసారి వింటే రోజంతా వదలనట్టుగా ఉంటుంది. ఆడమ్ క్లేటన్ బేస్ దాని కింద జారుతూ సాగుతుంది. నా పాత క్యాసెట్‌లో ఈ బేస్ దాదాపుగా వినిపించేదే కాదు, కాబట్టి చిన్న స్పీకర్ల మీద విని ఈ పాటకు తీర్పు చెప్పవద్దని కోరుతాను.

ఇక సాహిత్యం. చేతికి అందుతున్నట్టే ఉండి పట్టు చిక్కనిదాని గురించి బోనో పాడతాడు. నోట్లో నములుతున్నది ఉత్త బబుల్‌గమ్ అని తెలిసినా ఇంకా కావాలనిపించే కోరికను చెబుతాడు. డిస్కో వెలుగుల మధ్య ఆ మాటలు తేలికగా దొర్లిపోతాయి గానీ, దీపాలు ఆర్పేసి ఒంటరిగా విన్నప్పుడు వాటిలోని ఆకలి భయపెడుతుంది. చరణాల్లో గొంతు అణచి, దాదాపు చెవిలో చెబుతున్నట్టు పాడినవాడే పైస్థాయికి ఎక్కినప్పుడు, దొరకదని తెలిసీ వెతుకుతున్న మనిషి గొంతే నాకు వినిపిస్తుంది. ‘బూమ్ చా’ అనే పదాలు కూడా, వెర్రిగా వినిపించినా, మాటలు చాలక నోటికి వచ్చినవిగానే నాకు తోస్తాయి.

వీడియోకు స్తెఫాన్ సెడ్నావి దర్శకుడు. 1991లో ఇదే బృందం ‘మిస్టీరియస్ వేస్’ పాటకు వంకర అద్దంలో చూసినట్టు సాగిపోయే బొమ్మలతో వీడియో తీసింది ఆయనే. ఇక్కడ బృందాన్ని ఏకంగా ఒక పెద్ద అద్దాల బంతి లోపల పెట్టారు, ఆ ఆలోచన నాకెంతో ఇష్టం. డిస్కోలో అందరూ ఆ బంతిని బయటి నుంచి, తమ మీద పడే వెలుగుగా చూస్తారు. వీళ్లు లోపల చిక్కుకొని ఉన్నారు. ఎటు తిరిగినా మెరుపే గాని బయటికి దారి కనిపించదు. పాటలో ఉన్న తీరని దాహానికి ఇంతకన్నా సరైన బొమ్మ నేను ఊహించలేను. చిక్కంతా చివర్లో వస్తుంది. పోలీసు, నావికుడు, కౌబాయ్ లాంటి వేషాల్లో, ఇలాంటి వేషాలకే పేరుపడిన డిస్కో బృందం విలేజ్ పీపుల్‌ను తలపిస్తూ నలుగురూ వరుసగా నిలబడి నృత్యం చేస్తారు. ఆ దృశ్యంలో నిజమైన ఉల్లాసం ఉంది, దాన్ని కాదనను. కానీ చూసినవారికి గుర్తుండిపోయింది అదొక్కటే, దాని నీడలో పాట మరుగున పడిపోయింది. మొదటిసారి వినేవారు వీడియోను తరువాతి రోజుకు దాచుకుంటే మంచిది.

అమ్మకాలకు లోటు రాలేదు. బ్రిటన్‌లో మొదటి స్థానానికీ, అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టికలో పదో స్థానానికీ చేరింది. ‘పాప్‌మార్ట్’ కచేరీల యాత్రలో బృందం నలభై అడుగుల నిమ్మకాయ ఆకారపు అద్దాల బంతిలోంచి దిగివచ్చి దీన్ని పాడేది. వీడియోలోని బంతి అలా నిజంగానే వేదిక మీదికి వచ్చింది.

లోపాలు లేవని చెప్పలేను. ఆల్బమ్ మిక్స్‌లో (గొంతునూ వాద్యాలనూ కలిపి కూర్చిన రూపంలో) పల్లవి దగ్గర శబ్దాలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కొని, గొంతు వెనక్కి పోతుంది. చివరి భాగం ఉండవలసినదానికన్నా సాగినట్టు ఇప్పటికీ అనిపిస్తుంది. బృందానికీ తృప్తి కలగలేదు కాబోలు, 2002లో వచ్చిన ‘ది బెస్ట్ ఆఫ్ 1990–2000’ సంకలనానికి దీన్ని మళ్లీ మిక్స్ చేయించారు. అందులో గిటార్ తేటగా వినిపిస్తుంది, పాట బిగువుగా నడుస్తుంది. అది వచ్చిన కొత్తలో కొన్ని నెలలు నేను అదే విన్నాను. కానీ శుభ్రం చేసే పనిలో ఆ గరుకు కొంత పోయింది. యంత్రమూ మనిషీ ఒకరినొకరు నెట్టుకుంటున్న ఒత్తిడి సడలింది. నా ఫోనులో రెండూ ఉన్నాయి, చెయ్యి మాత్రం 1997 నాటిదాని మీదికే పోతుంది.