సెషన్లా, సొంత బ్యాండా: రాక్ గిటారిస్టుకి ఏది మేలు?

చెయ్యి కాస్త తిరిగిన ప్రతి కుర్రాడూ ఇదే అడుగుతున్నాడు, స్టూడియో సెషన్లు (ఎవరి పాటకో వెళ్ళి డబ్బులకి వాయించి రావడం) చేసుకోవాలా లేక బ్యాండ్ పెట్టాలా అని. సెషన్‌లో వాయించిన పూటకి డబ్బులొస్తాయి, బ్యాండ్‌లో పాట ఆడేదాకా ఎదురుచూపులే, ఇదంతా మీకు తెలిసిందే. నన్నడిగితే అసలు చూసుకోవాల్సింది గిటార్ మనదే అయినా సౌండ్ ఎవరి మాట వింటుంది అన్నది.

1982లో మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్' సంగతే చూడండి. సోలో ఎడ్డీ వాన్ హేలెన్‌దని అందరికీ తెలుసు, కానీ ఆ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క), బేస్ వాయించింది సెషన్ గిటారిస్టు స్టీవ్ లూకథర్ అని ఎంతమందికి తెలుసు? మొదట మార్షల్ ఆంప్‌లు (గిటార్ సౌండ్ పెంచే పెట్టెలు) పెట్టి ట్రాక్ మీద ట్రాక్ వేసి దంచేశాడు, ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ విని ఇది మరీ హెవీ మెటల్‌లా ఉంది, పాప్ రేడియోలో వెయ్యరు, చిన్న ఆంప్‌తో మళ్ళీ కొట్టు అన్నాడు. అలగకుండా కొట్టాడు, పాటకి అదే కుదిరింది. ఇలా చేసి కూడా సంతోషంగా ఇంటికెళ్ళగలిగితే సెషన్లు మీకోసమే.

తర్వాత లెడ్ జెప్లిన్ బ్యాండ్ పెట్టిన గిటారిస్టు జిమ్మీ పేజ్ దారి వేరు. 1963 నుంచి ఓ మూడేళ్ళు లండన్ స్టూడియోల్లో మూడేసి గంటల సెషన్లు, ఎవరి పాటో వెళ్ళేదాకా తెలీదు, మ్యూజిక్ నోట్స్ చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. 1965లో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన చోటుకి యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ పిలిస్తే వద్దని ఇంకో గిటారిస్టు జెఫ్ బెక్ పేరు చెప్పాడు, అంత నిండుగా పని ఉండేది మరి. చివరికి షాపుల్లో వినిపించే ముజాక్ సెషన్లతో విసుగెత్తిపోయి 1966లో అదే బ్యాండ్‌లోకి వెళ్ళాడు, అదీ మొదట బేస్ వాయించడానికి!

అయితే ఆ మూడేళ్ళు వృథా కాలేదు. మైక్ ఆంప్‌కి దగ్గరగానే కాక కాస్త దూరంగా కూడా పెడితే గది సౌండ్ కూడా పడుతుంది లాంటివన్నీ స్టూడియోలో చూసి పట్టుకున్నాడు. అందుకే 1968లో ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బం తన డబ్బుతోనే సుమారు 36 గంటల్లో అయిపోయింది. బేస్ వాయించిన జాన్ పాల్ జోన్స్ కూడా సెషన్ల నుంచి వచ్చినవాడే. కాబట్టి నా ఓటు ముందు సెషన్లకి, తర్వాత బ్యాండ్‌కి.

బిగ్ జిమ్ సల్లివన్ లాగా స్టూడియోల్లోనే పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఏ పాటైనా ఇష్టంగా వాయించే మనసుంటే అదీ మంచిదే. పెద్ద సింగర్ల వెనక టూర్లు తిరగడం కూడా ఒక దారి, ప్రయాణాలు ఇష్టమైతే చూసుకోవచ్చు. రెండూ ఒకేసారి అంటారా, లూకథర్ వాళ్ళ బ్యాండ్ టోటో అలాగే నడిచింది, 1983లో ఆల్బం ఆఫ్ ది ఇయర్ గ్రామీ కూడా కొట్టింది, కానీ అక్కడ బ్యాండ్‌లో దాదాపు అందరూ సెషన్ వాళ్ళే. మీ డ్రమ్మర్ క్లిక్ (స్టూడియోలో టెంపో చెప్పే టిక్ టిక్) మీద నిలబడలేకపోతే మాత్రం ఆ దారి జోలికి వెళ్ళకండి.