దిశ బిల్లు, దిశ యాప్: ఒకటి డెలివరీనే కాలేదు, రెండోది పనిచేసింది

ఒకే పేరుతో, ఒకే ప్రచారంతో మన చేతిలో పెట్టిన రెండు వస్తువుల రివ్యూ ఇది. మొదటిది 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లు, ఆడవాళ్లపై, పిల్లలపై నేరాలకి తొందరగా శిక్ష, అత్యాచారానికి ఉరి దాకా అన్నది. రెండోది 2020 ఫిబ్రవరిలో వచ్చిన, ఆపదలో పోలీసుల్ని పిలిచే దిశ యాప్, దాంతోపాటు తెరిచిన దిశ పోలీస్ స్టేషన్లు. యాప్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. బిల్లుకి ఒకటి, అదీ ఒక్క సెక్షన్ మొహం చూసి.

ఎందుకు వచ్చిందో అందరికీ గుర్తే. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టరమ్మాయిపై అత్యాచారం, హత్య, డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చిచంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్, పోలీసుల మీద పూలు. (ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మేలా లేదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది, అప్పటికి ఆ పూలు చల్లినవాళ్లెవరూ దాని గురించి మాట్లాడలేదు.) నేరం జరిగింది తెలంగాణలో, బిల్లు తెచ్చింది ఆంధ్రప్రదేశ్, అదీ పదహారు రోజుల్లో. అంత తొందరగా మా వీధిలో కల్వర్టు కూడా శాంక్షన్ కాదు.

ఇక సరుకు సంగతి. పెట్టె మీద రాసింది 21 రోజుల్లో శిక్ష. లోపల చూస్తే దర్యాప్తుకి ఏడు పని దినాలు, ఛార్జిషీటు పడ్డాక విచారణకి పద్నాలుగు పని దినాలు. పని దినాలు అంటే ఆదివారాలూ, రెండో శనివారమూ, పండగలూ తీసేయాలి, కాబట్టి నెల అనుకోండి. పోనీ నెలలో అయినా గొప్పే, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏడు రోజుల్లో దర్యాప్తు పూర్తవ్వాలంటే డీఎన్‌ఏ రిపోర్టు రావాలి, ఫోన్ డేటా రావాలి, డాక్టర్ సర్టిఫికెట్ రావాలి, బాధితురాలు నోరు విప్పి మాట్లాడే స్థితికి రావాలి. ఈ చివరిది ఏ సెక్షనూ తొందరపెట్టలేదు. రాష్ట్రం విడిపోయాక పెద్ద ఫోరెన్సిక్ ల్యాబ్ హైదరాబాద్‌లో ఉండిపోయింది, ఇక్కడ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ముందు ల్యాబు నిండా మనుషుల్ని వేసి తర్వాత గడువు పెడితే ఒక అర్థం ఉండేది.

మా బంధువులమ్మాయి వేధింపుల కేసు ఒకటి దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఏ ఊరు, ఏ కోర్టు అన్నది అనవసరం. ఆ పిల్ల పొద్దున్నే తయారై, స్కార్ఫ్ కట్టుకుని, వరండాలో బెంచీ మీద కూర్చునేది, అదే వరండాలో నాలుగు అడుగుల దూరంలో వాడూ వాడి తాలూకా జనమూ. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక పిలుపు వచ్చేది, వాయిదా. ఒకసారి ప్రాసిక్యూటర్ గారికి ఇంకో కోర్టులో కేసుంది, ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి జడ్జి గారికి బదిలీ అయింది, కొత్తవారు ఇంకా చార్జ్ తీసుకోలేదు. వాళ్లమ్మ ప్రతిసారీ టిఫిన్ డబ్బా తెచ్చేది, పిల్ల తినేది కాదు. ఇందులో ఏ ఒక్క వాయిదా కూడా శిక్ష చిన్నదవడం వల్ల పడింది కాదు.

న్యాయంగా చెప్పాలంటే దిశ బిల్లుతో పాటు పాసైన ప్రత్యేక కోర్టుల బిల్లులో దీనికి మందు కూడా రాశారు. జిల్లాకో ప్రత్యేక కోర్టు, దానికి ప్రత్యేకంగా ఒక పబ్లిక్ ప్రాసిక్యూటర్, డీఎస్పీ స్థాయి అధికారి కింద దర్యాప్తు బృందం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. అయితే హైకోర్టుతో మాట్లాడి కోర్టులు పెట్టుకోవడానికి, జీతమిచ్చి ప్రాసిక్యూటర్లను వేసుకోవడానికి ఉరిశిక్ష బిల్లుతో జతచేసి ఢిల్లీకి పంపక్కర్లేదు. ఆ డబ్బులేవో బడ్జెట్‌లో పెడితే సరిపోయేది.

ఉరి గురించి కూడా రెండు మాటలు. పిల్లలపై తీవ్రమైన లైంగిక దాడికి మరణశిక్ష దిశ బిల్లుకి నాలుగు నెలల ముందే, 2019 ఆగస్టులోనే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సవరణతో వచ్చేసింది. పెద్దవాళ్ల విషయానికొస్తే, నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే అత్యాచారానికి ఉరి వద్దని రాసింది. పైగా ఈ కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని ప్రభుత్వ నేర రికార్డులే ఏటా చెబుతాయి. బాబాయో, పక్కింటివాడో, ట్యూషన్ మాస్టారో. ఉరి పడుతుందంటే ఇంట్లోవాళ్లే ఆ పిల్ల కాళ్లు పట్టుకుని కంప్లయింట్ వద్దంటారు. ఇది ఊహ అనేవాళ్లు ఒకసారి ఏ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌నైనా అడిగి చూడండి.

ఆ ఒక్క స్టారు దేనికంటే ఐపీసీలో (అప్పటి భారతీయ శిక్షాస్మృతిలో) బిల్లు కొత్తగా చేర్చాలన్న 354ఈ సెక్షన్‌కి. సోషల్ మీడియాలో, మెయిల్లో, ఫోన్లో ఆడవాళ్లను వేధిస్తే మొదటిసారి రెండేళ్లు, మళ్లీ చేస్తే నాలుగేళ్లు. మా కాలేజీలో నాకు వచ్చే గొడవల్లో సగం ఇవే: ఫేక్ ఐడీ, మార్ఫింగ్ ఫొటో, అర్ధరాత్రి మెసేజ్‌లు. ఉన్న చట్టాల్లో అక్కడో ముక్క ఇక్కడో ముక్క వెతికి అతికించాల్సిన దాన్ని ఒక్కచోట రాశారు, అది మంచిదే. అదొక్కటే విడిగా పంపి ఉంటే ఈపాటికి వచ్చేదేమో.

రాలేదు. క్రిమినల్ చట్టం కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోది, కేంద్ర చట్టాన్ని రాష్ట్రం మార్చాలంటే రాజ్యాంగంలోని 254 ఆర్టికల్ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. కేంద్రం కొర్రీలు వేసింది, 2020 డిసెంబరులో మళ్లీ సవరించి అసెంబ్లీలో పాస్ చేసి పంపారు, మళ్లీ కొర్రీలు. ఈలోగా రాజమహేంద్రవరంలో మొదటి దిశ స్టేషన్ తెరిచారు, తర్వాత మిగతా జిల్లాల్లో, హోర్డింగులు, వాహనాలు, పోస్టర్లు, "దిశ చట్టం కింద కఠిన చర్యలు" అని ప్రెస్‌మీట్లు. ఎఫ్ఐఆర్ చూస్తే అవే పాత ఐపీసీ సెక్షన్లు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

గుంటూరులో 2021 ఆగస్టు 15న పట్టపగలు నడిరోడ్డు మీద ఇంజినీరింగ్ అమ్మాయిని పొడిచి చంపిన కేసు దిశకి నిదర్శనంగా చూపించారు. ఒక్కసారి లెక్క చూడండి. సీసీ కెమెరాలో రికార్డయింది, నిందితుడు వెంటనే దొరికాడు, పోలీసులు చాలా వేగంగా ఛార్జిషీటు వేశారు. తీర్పు వచ్చింది 2022 ఏప్రిల్ 29న, అంటే ఎనిమిదిన్నర నెలలకి. ఇంతకంటే తేలికైన సాక్ష్యం ఏ కేసులో దొరుకుతుంది? దానికే ఎనిమిదిన్నర నెలలు పట్టింది, మన దేశంలో అది నిజంగా రికార్డు వేగమే, ఆ పోలీసులకీ ప్రాసిక్యూషన్‌కీ దండం పెట్టాలి. మరణశిక్ష కూడా వేశారు, ఉన్న చట్టం కిందే. కొత్త చట్టం లేని లోటు అక్కడ నాకైతే కనబడలేదు.

యాప్ మాత్రం మంచి యాప్. నంబరు, ఓటీపీ, ఇంట్లోవాళ్ల నంబర్లు, లొకేషన్ పర్మిషన్, అంతే. ఎస్ఓఎస్ నొక్కినా, ఫోన్ గట్టిగా ఊపినా మనం ఎక్కడున్నామో, పది సెకన్ల వీడియో, ఆడియో పోలీసు కంట్రోల్ రూమ్‌కి వెళ్లేవి. ప్రయాణంలో మనం ఎక్కడున్నామో చూపించే ట్రాక్ మై ట్రావెల్ అని ఒకటుండేది, రాత్రి బస్సులో వచ్చే పిల్లలకి నేను అదే ఎక్కువ నేర్పించాను. మా పిల్ల ఒకమ్మాయి బస్టాండులో తాగినవాడు వెంటపడితే నిజంగానే నొక్కింది, ముందు ఫోన్ వచ్చింది, కాసేపటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు, ఆటో ఎక్కించి పంపారు. ఎవరికీ ఉరి పడలేదు, పిల్ల ఇంటికి చేరింది.

మరి ఒక స్టారు ఎందుకు కోశానంటే టార్గెట్ల గోల. డౌన్‌లోడ్లు కోటి దాటించాలని మగవాళ్ల ఫోన్లలో కూడా ఎక్కించారు, 2023 నవంబరులో అనకాపల్లి జిల్లా పరవాడలో ఈ డౌన్‌లోడ్ దగ్గరే ఒక ఆర్మీ జవానుకీ పోలీసులకీ గొడవై కొట్టుకునేదాకా వెళ్లింది. ఆడవాళ్ల రక్షణ యాప్‌కి అంతకంటే పరువు తక్కువ ఏముంటుంది. హైదరాబాద్‌లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి మఫ్టీలో తిరుగుతున్నాయి, దానికి ఏ కొత్త బిల్లూ అడగలేదు.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకి: బిల్లు ఎక్స్‌పైర్ అయిపోయింది. 2024 జులై 1 నుంచి ఐపీసీనే లేదు, భారతీయ న్యాయ సంహిత వచ్చింది, కాబట్టి లేని చట్టానికి సవరణగా 354ఈ ఉండదు. ఇదే సరుకు వేరే లేబుల్‌తో మహారాష్ట్రలో శక్తి బిల్లుగా 2021లో, బెంగాల్‌లో అపరాజిత బిల్లుగా 2024 సెప్టెంబరులో వచ్చింది, అక్కడా ఢిల్లీ దగ్గరే ఆగింది. మన దగ్గర ప్రభుత్వం మారాక దిశ పేరు తీసేశారు, 2025 మార్చి 8న మార్కాపురంలో శక్తి యాప్ ప్రారంభించారు. పాతది ఉన్నవాళ్లు కొత్తది వేసుకుని పర్మిషన్లు మళ్లీ ఇచ్చుకోండి, పిల్లల ఫోన్లలో మీరే దగ్గరుండి చేయండి. ఫోన్లో డేటా అయిపోయినా, బటన్ ఫోన్ అయినా 112కి కాల్ వెళ్తుంది, అది మాత్రం ఇంట్లో అమ్మమ్మతో సహా అందరికీ నోటికి రావాలి.