బాలింతకు ఏది మేలు: పుట్టిల్లా, అత్తవారిల్లా, సొంత ఇల్లా?

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మన ఇళ్ళలో ఎవరూ ప్రశ్నించని మాట. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, చేతినిండా గాజులు తొడిగి అమ్మాయిని తీసుకువెళ్ళడం, కాన్పయ్యాక మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతోనూ సారెతోనూ తిరిగి పంపడం తరాలుగా సాగుతున్న పద్ధతి. ఇప్పుడు భార్యాభర్తలు హైదరాబాదులోనో బెంగళూరులోనో కాపురముంటున్నారు, అమ్మమ్మ కాబోయే మనిషి తానే ఇంకా ఉద్యోగంలో ఉంటోంది. అందువల్ల అత్తవారింట్లోనే ఉండిపోవడం, సొంత ఇంట్లోనే ఉండి పెద్దవాళ్ళను అక్కడికి రప్పించుకోవడం అనే మరి రెండు దారులు కూడా తెరుచుకున్నాయి. మర్యాదలు, ఖర్చులు, ఎవరి మాట నెగ్గాలన్న పంతాలు పక్కన పెట్టి, తల్లి ఒళ్ళు కోలుకోవడానికీ ఆమె మనసు నిలదొక్కుకోవడానికీ ఈ మూడింటిలో ఏది మేలన్నదే ఇక్కడ నేను తూచదలచినది.

ముందు ఒంటి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించిన స్త్రీలకు రక్తహీనత ఉంది. అంటే పురిటి మంచం మీద ఉన్న మనిషి చాలాసార్లు ఆపరేషన్ కుట్లతో, తక్కువ రక్తంతో, రెండు గంటలకోసారి లేచి పాలివ్వవలసిన మనిషి. ఆమెకు కావలసింది నిద్ర, తగినన్ని నీళ్ళు, పప్పు, ఆకుకూరలు, గుడ్లు, ఆరు నెలల పాటు రోజూ ఐరన్ మాత్ర, దానితో కలపకుండా వేరే పూట క్యాల్షియం, వంగి బరువులెత్తనక్కరలేని ఇల్లు. పల్లెటూరి పుట్టింట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉండి, అందులో గొంతుక్కూర్చోవలసి వస్తే, సిజేరియన్ అయిన అమ్మాయికి ఆ ఒక్క కారణమే పెద్ద కష్టమవుతుంది. ఏ ఇల్లు అని మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు గానీ ఎత్తవలసిన సంగతి.

నిద్ర విషయంలో మాత్రం పుట్టింటికి సాటి లేదని నా అనుభవం. నా కాన్పు మా అమ్మ దగ్గరే జరిగింది. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడిస్తే, నేను కుట్ల నొప్పితో ఒక పక్కకు ఒత్తిగిలి లేచేలోపే అమ్మ బిడ్డను ఎత్తి, తడిసిన గుడ్డ మార్చి, నా ఒడిలో పెట్టేది. పాలు తాగినంతసేపూ గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ తరువాత త్రేన్పు వచ్చేదాకా బిడ్డను భుజాన వేసుకుని వసారాలో తిరిగేది, నేను నిద్రపోయేదాన్ని. అయితే అదే అమ్మ, దాహమన్నప్పుడు చిన్న గ్లాసులో సగం మట్టుకు కాచి చల్లార్చిన నీళ్ళు ఇచ్చి, "ఎక్కువ తాగితే పొట్ట వస్తుందే, ఇక చాలు" అనేది. పథ్యం పేరుతో వెల్లుల్లి కారం, నెయ్యి, పాత బియ్యం అన్నం తప్ప పప్పూ ఆకుకూరా దగ్గరికి రానివ్వలేదు. పదో రోజుకు మలబద్ధకంతో, కుట్ల దగ్గర నొప్పితో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. చూడడానికి వచ్చిన నర్సమ్మ, "నీళ్ళివ్వకపోతే పాలు ఎక్కడినుంచి వస్తాయమ్మా?" అని అడిగిన మరునాటి నుంచి నా మంచం పక్కన నిండు చెంబు ఉండేది. సొంఠి, మెంతులు, వెల్లుల్లి వంటివాటితో వచ్చే నష్టమేమీ లేదు. నీళ్ళు తగ్గించడం, కూరలు మాన్పించడం, పసిబిడ్డ ఉన్న గదిలో సాంబ్రాణి పొగ దట్టంగా వేయడం మాత్రం మానవలసినవి.

ఈ పట్టింపులు అత్తవారింట్లోనూ ఉంటాయి. తేడా ఏమిటంటే, అమ్మతో పోట్లాడవచ్చు, అలిగి గోడవైపు తిరిగి పడుకోవచ్చు, మరో గంటలో మళ్ళీ మామూలుగా మాట్లాడవచ్చు. అత్తగారు ఎంత మంచిమనిషైనా, ఆవిడ ఇచ్చిన సగం గ్లాసు నీళ్ళను కోడలు మారుమాట లేకుండా తాగి ఊరుకుంటుంది. రక్తస్రావం ఎక్కువైందనో, రొమ్ము గడ్డకట్టి జ్వరం వచ్చిందనో, మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందనో చెప్పడానికి బిడియపడుతుంది. ఆ బిడియంతో గడిచే ఒక్కొక్క రోజూ ప్రమాదమే. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, స్రావంలో దుర్వాసన, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

అత్తవారింటి వైపు మొగ్గవలసిన కారణాలూ ఉన్నాయి, వాటిలో రెండు చాలా గట్టివి. మొదటిది, వైద్యం తెగకపోవడం. గర్భిణిగా పేరు నమోదైన ఊళ్ళోనే కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలన్నది నియమం. పుట్టింటికి వెళ్ళిన అమ్మాయి సంగతి అక్కడి ఆశా కార్యకర్తకు ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. ఇక్కడి జాబితాలో 'ఊళ్ళో లేదు', అక్కడి జాబితాలో అసలు పేరే లేదు అన్నట్టు ఈ ఆరు వారాలూ గడిచిపోవచ్చు. బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళు తొమ్మిదో నెలలో డాక్టరును మార్చడం మరీ తప్పు. రెండవది, భర్త. పుట్టింట్లో ఐదు నెలలుంటే అతను ఆదివారపు చుట్టమవుతాడు. గుడ్డ మార్చడం, రాత్రి మేలుకోవడం, భార్య ఊరికే ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం అతనికి ఎప్పటికీ అలవడవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. దాన్ని బారసాల పనులకు కాక, రాత్రి కాపలాకు వాడుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇక మనసు సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. కాన్పయిన మూడు నుంచి ఐదు రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు కలగడం చాలామందికి ఉంటుంది, అది రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఆ తరువాత కూడా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, 'నేను తల్లిగా పనికిరాను' అనిపించడం సాగితే అది కాన్పు తరువాతి కుంగుబాటు, మందులూ మాటలతో చేసే చికిత్సా రెండూ ఉన్న జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచమంతటా కాన్పయిన స్త్రీలలో సుమారు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు, వస్తుంది. వర్ధమాన దేశాల్లో అది దాదాపు 20 శాతం. గోవాలో జరిపి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 23 శాతం తల్లులకు ఆరు నుంచి ఎనిమిది వారాల నాటికి కుంగుబాటు కనిపించింది. వారిలో సగానికి మించినవారు ఆరు నెలలకు కూడా కోలుకోలేదు. పేదరికం, భర్తతో సరిపడకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం కారణాల్లో తేలాయి. కాబట్టి ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకునే ఇల్లు ఎవరిదైనా, అది పుట్టిల్లే అయినా, ఆ బాలింతకు తగిన చోటు కాదు. ఎవరికీ వినిపించని మాటలు తనకు వినిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా పొంతనలేని మాటలు మాట్లాడుతున్నా, గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంత తీవ్రం కాని సందర్భాల్లో 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌లో ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

సొంత ఇంటిని గురించి క్లుప్తంగా చెబుతాను. అలవాటైన డాక్టరు, తన మంచం, తన స్నానాలగది, పక్కన భర్త ఉండడం దాని బలాలు. మరో మనిషి ఆసరా లేకపోతే మాత్రం మూడింటిలోకీ అదే నిస్సహాయమైనది. అమెరికాలో కాన్పయ్యే మన అమ్మాయిలకు తల్లి విజిటర్ వీసా మీద వెళ్ళి తోడుండడం ఇందుకే. వీసా దొరకని ఇళ్ళలో భర్త సెలవే ఏకైక ఆధారం.

నా తీర్పు ఇది. పుట్టింట్లో అమ్మ ఆరోగ్యంగా ఉండి, రాత్రి లేవగలిగితే, చాకిరీ అంతా వదిన నెత్తిన పడే పరిస్థితి లేకపోతే, మొదటి ఆరు వారాలకు పుట్టిల్లే మేలు. అమ్మ మోకాళ్ళ నొప్పులతోనో ఉద్యోగంతోనో సతమతమవుతుంటే మాత్రం సొంత ఇల్లే నయం, ఇద్దరు అమ్మలూ వంతులు వేసుకుని రావచ్చు. వెళ్ళేటప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డు, రక్త పరీక్షల కాగితాలు చీరల పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి. చేరిన మరునాడే అక్కడి ఏఎన్ఎంకు (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సుకు) కబురు చేయాలి.

అయితే ఐదో నెల దాకా ఉండడం నాకు సమ్మతం కాదు. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. ఐదో నెలలో సారెతో దిగిన అమ్మాయికి ఇల్లు మారడం, ఆఫీసులో చేరడం, బిడ్డను మరొకరి చేతిలో పెట్టడం ఒకే వారంలో వచ్చి పడతాయి. అమ్మ పక్కన లేని మొదటి రాత్రి కూడా అదే వారంలో వస్తుంది. రెండో నెల చివరికల్లా తిరిగి వస్తే, సెలవు ఇంకా చేతిలో ఉండగానే ఆ ఇంటి రాత్రులు ఆమెకూ, ఆమె భర్తకూ, బిడ్డకూ అలవాటవుతాయి.