లెక్క చెప్పేవారి వేదికను నడిపేవారు ఎక్కడి నుంచి వస్తారు: మ్యాథమెటిక్స్ ఎడ్యుకేటర్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సమీక్ష

పది మంది ఉపాధ్యాయులు కలిసి ఒక చర్చా బృందం పెట్టుకోవడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. దాన్ని రెండో విద్యాసంవత్సరం దాకా నిలబెట్టేవారిని వెతుక్కోవడమే కష్టం. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కొన్నేళ్ల క్రితం మేము కొందరం కలిసి నడిపిన వాట్సాప్ బృందంలో మంచి ప్రశ్నలే వచ్చేవి కానీ, శుభోదయ చిత్రాలు, ఉత్తర్వుల ప్రతులు, బదిలీల కబుర్లు వాటిని ముంచేసేవి. వాటిని వేరు చేయడానికి సహాయకులు కావాలని ప్రకటన పెడితే, సాయంత్రానికల్లా చాలామంది తాము సిద్ధమని రాశారు. పదో తరగతి పరీక్షల డ్యూటీలు, మూల్యాంకనం ముగిసేసరికి మళ్లీ పాత ఇద్దరమే మిగిలాం. సిద్ధమన్నవారి మాటలో లోపం లేదని, మేము పిలిచిన తీరులోనే లోపం ఉందని, మ్యాథమెటిక్స్ ఎడ్యుకేటర్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే గణిత ఉపాధ్యాయుల ప్రశ్నోత్తరాల వెబ్‌సైటును కొంతకాలం వాడాక నాకు తెలిసింది. అందుకే ఈ సమీక్షలో అక్కడి ప్రశ్నోత్తరాల గురించి కొంతే చెప్పి, ఆ వేదిక తనను నడిపేవారిని ఎలా సమకూర్చుకుంటుందో ఎక్కువగా రాస్తున్నాను.

జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008లో ప్రోగ్రామర్ల కోసం స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల వేదికను ప్రారంభించారు. అదే నమూనాలో తరువాత అనేక విషయాలకు విడివిడి వేదికలు వచ్చాయి. వాటన్నిటినీ కలిపి స్టాక్ ఎక్స్ఛేంజ్ అంటారు. లెక్కలు అడిగేవారికి 2010 నుంచే ఒక వేదిక ఉంది. లెక్క ఎలా చెప్పాలన్న ప్రశ్నల కోసం 2014లో ఈ ప్రత్యేక వేదిక మొదలైంది. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందో పిల్లలకు ఎలా నమ్మకం కలిగించాలి, రెండు పదాల మొత్తాన్ని వర్గం చేయమంటే విడివిడిగా వర్గం చేసి కలిపేసే అలవాటును ఎలా మాన్పించాలి వంటివి ఇక్కడ అడగదగిన ప్రశ్నలు. ప్రాథమిక పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా బోధించేవారు ఒకే చోట సమాధానాలు రాయడం దీని పెద్ద బలం. చదవడానికి ఖాతా అక్కర్లేదు, రుసుము లేదు. గణిత సంకేతాలు పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రంగా కనిపిస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వేదికలో రోజువారీ పని చేయడానికి ఎవరూ దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. కొత్తగా చేరిన మనిషి కూడా, వేరొకరి ప్రశ్నలో అక్షరదోషమో తప్పు గుర్తో కనబడితే, దాన్ని సరిదిద్ది ప్రతిపాదించవచ్చు. అర్హత ఉన్న సభ్యులు దాన్ని ఆమోదిస్తే ఆ మనిషికి రెండు పాయింట్లు వస్తాయి. రాసిన ప్రశ్నకో సమాధానానికో ఇతరులు అనుకూల ఓటు వేస్తే పది పాయింట్లు. పదిహేను పాయింట్లు దాటినవారు తామూ అనుకూల ఓటు వేయవచ్చు, అభ్యంతరకరమైన రాతను గుర్తించి పైవారి దృష్టికి తేవచ్చు. యాభై దాటితే ఇతరుల రాతల కింద వ్యాఖ్యానించవచ్చు, నూట పాతిక దాటితే ప్రతికూల ఓటు కూడా వేయవచ్చు. అయితే ఒక సమాధానానికి ప్రతికూల ఓటు వేసినవారు తమ పాయింట్లలో ఒకటి వదులుకోవాలి. ఈ చిన్న నిబంధన నాకు ఎంతగానో నచ్చింది, ఎందుకంటే తప్పు పట్టే ముందు మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఆపైన, పాయింట్లు పెరిగేకొద్దీ ఇతరుల రాతలను నేరుగా సరిదిద్దడం, వేదికకు సరిపడని ప్రశ్నను మూయడానికి ఓటు వేయడం, కొత్తవారి తొలి రాతలను పరిశీలించడం వంటి బాధ్యతలు ఒక్కొక్కటే చేతికి వస్తాయి.

ఈ ఏర్పాటులో మనిషికి పని అప్పగించే ముందే అతడు ఆ పనిలో ఒక చిన్న ముక్క చేసి ఉంటాడు. మా బృందంలో మేము చేసింది దీనికి తలకిందులు: ఎవరు ఏమి చేయగలరో చూడకుండానే అందరినీ అడ్మిన్లను చేశాం, ఏ పని ఎవరిదో చెప్పలేదు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు రిసోర్స్ పర్సన్‌లను, అంటే అక్కడ పాఠం చెప్పేవారిని, ఎంచుకునేటప్పుడు కూడా, ఏడాది పొడవునా తోటివారి సందేహాలు తీరుస్తున్నది ఎవరని చూడకుండా, అందుబాటులో ఉన్నవారి పేరు రాసేయడం నేను చాలాసార్లు గమనించాను. అలా పేరు రాసినవారిలోనూ గొప్పగా చెప్పేవారున్నారు. కానీ అది అదృష్టం మీద ఆధారపడిన విషయం.

సాధారణ సభ్యుల వల్ల తీరని తగవులు, గోప్యంగా చూడవలసిన వ్యవహారాలు మాత్రమే మోడరేటర్ల దాకా, అంటే వేదికను పర్యవేక్షించే సభ్యుల దాకా, వెళతాయి. వేదిక లేతగా ఉన్నప్పుడు, బాగా పనిచేస్తున్న సభ్యులను గమనించి సంస్థే తాత్కాలికంగా నియమిస్తుంది. నిలదొక్కుకున్నాక సభ్యులు ఎన్నుకుంటారు. అభ్యర్థులు తమ పరిచయం రాసుకుంటారు, సభ్యులు అడిగిన ప్రశ్నలకు అందరి ముందూ జవాబులిస్తారు, ఆ తరువాత ప్రాధాన్య క్రమంలో ఓటింగ్ జరుగుతుంది. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని అంకెలు వేసిన మన ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు. గెలిచినవారికి జీతం లేదు, నిర్ణీత కాలపరిమితి కూడా లేదు. ఓపిక ఉన్నంతకాలం చేసి, చాలనుకున్నప్పుడు తప్పుకోవచ్చు. గౌరవంగా తప్పుకునే దారి ఉండడం, రమ్మని పిలిచే దారి ఉండడమంత ముఖ్యమని నా అభిప్రాయం. మన బృందాల్లో అలసిపోయినవారు ఆ మాట చెప్పుకోలేక మౌనంగా మాయమవుతారు.

లోపాలు లేవని కాదు. పాయింట్లు కనబడే పనికే వస్తాయి. ఎవరి మనసూ నొప్పించకుండా ఒక వాదాన్ని చల్లార్చిన వ్యాఖ్యకు, కొత్తగా వచ్చిన టీచరుకు ధైర్యం చెప్పిన రెండు వాక్యాలకు ఈ లెక్కలో చోటు లేదు. బడిలోనూ అంతే కదా. ప్రార్థన సమయంలో వరుసలు నిలబెట్టేవారు అందరికీ కనిపిస్తారు, ఏడుస్తున్న పిల్లను పక్కకు తీసుకెళ్లి కళ్లు తుడిచినవారు ఎవరికీ కనిపించరు. రెండోది, నిర్దిష్టమైన జవాబు చెప్పలేని, కేవలం అభిప్రాయాలు కోరే ప్రశ్నలను ఇక్కడ మూసేస్తారు. వేదిక పరిశుభ్రతకు ఆ నియమం అవసరమే అయినా, బోధనలో సగం అనుభవమే కాబట్టి మన మాటలకు ఆ చట్రం కొంచెం ఇరుకు. మూడోది భాష. స్టాక్ ఓవర్‌ఫ్లోకు స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, జపనీస్ భాషల్లో విడి వేదికలున్నాయి; తెలుగులో అలాంటిది లేదు, ఈ గణిత బోధన వేదిక ఆంగ్లంలోనే నడుస్తుంది. మా మండలంలో భిన్నాలను అద్భుతంగా చెప్పే ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు) కొందరు ఆంగ్లంలో నాలుగు వాక్యాలు రాయడానికి జంకుతారు. వారి దగ్గరున్న విద్య ఇలాంటి చోటుకు చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మరొక సంగతి కూడా చెప్పాలి. స్టాక్ ఎక్స్ఛేంజ్ వేదికలన్నీ ఒక వ్యాపార సంస్థవి. 2021లో ప్రోసస్ అనే కంపెనీ ఆ సంస్థను 180 కోట్ల డాలర్లకు కొన్నది. కృత్రిమ మేధ రాసినట్టు అనుమానం కలిగే సమాధానాలను తొలగించడంపై సంస్థ పెట్టిన ఆంక్షలకు నిరసనగా 2023 జూన్‌లో వందలాది మోడరేటర్లు, సభ్యులు స్వచ్ఛంద పనిని నిలిపివేశారు. చర్చలు జరిగి ఆగస్టులో ఆ సమ్మె ముగిసింది. జీతం తీసుకోనివారు కూడా సమ్మె చేయగలరని, వారు చెయ్యి ఆపితే సంస్థ కూర్చుని మాట్లాడక తప్పదని అప్పుడు తేలింది. స్వచ్ఛందంగా వచ్చినవారిని ఎంత శ్రద్ధగా ఎంచుకున్నా, నిర్ణయాల్లో వారి మాట వినకపోతే ఆ ఏర్పాటు బీటలు వారుతుంది.

అయినా తోటి గణిత ఉపాధ్యాయులకు నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. చేరిన రోజునే ప్రశ్న అడగాలనుకోకండి. ఒక నెల చదవండి, దోషం కనబడిన చోట సవరణ ప్రతిపాదించండి. అక్కడి రాతలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి కనుక, రాసినవారి పేరు, మూలం చెప్పి, అనువాదాన్నీ అదే లైసెన్సు కింద ఉంచితే తెలుగులోకి తెచ్చుకోవచ్చు. మేము ఆ పని మొదలుపెట్టాం.

మా బృందంలో కూడా ఈసారి ప్రకటన పెట్టలేదు. గత ఏడాది సందేశాలన్నీ వెనక్కి వెళ్లి చదివి, ఎవరూ అడగకుండానే ఇతరుల ప్రశ్నలకు జవాబులిచ్చిన ఐదుగురి పేర్లు రాసుకున్నాం. ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేసి, వారు ఇచ్చిన ఫలానా జవాబును గుర్తుచేసి, వారానికి ఒక్క రోజు, శనివారం సాయంత్రం అరగంట మాత్రం చూసుకోగలరా అని అడిగాం. ఒకరు ఇంట్లో పెద్దవారికి ఒంట్లో బాగాలేదని, దసరా సెలవుల తరువాత అయితే వస్తానని చెప్పారు. మిగిలిన నలుగురు ఒప్పుకున్నారు. వారిలో ముగ్గురు, మేము పాత ప్రకటన పెట్టిన రోజున ఏమీ రాయనివారే.