ఏటిగట్టు ర్యాంపు, మినీ ట్రాక్టరు, రెండు జతల గొలుసులు

ఏటిగట్టుకీ గోదావరికీ మధ్య లంక నేలలో తోట ఉన్నవాళ్లకి నా బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. తోటలో ఎంత బురద ఉన్నా నా 27 హెచ్‌పీ ఫోర్ వీల్ మినీ ట్రాక్టరు లాక్కొచ్చేస్తుంది. ఏటిగట్టు ఎక్కే ర్యాంపు దగ్గరే దాని పౌరుషమంతా పోతుంది. పైన ఒండ్రు పొర కాస్త తడిస్తే చాలు, నాలుగు చక్రాలూ ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపాను, ముందు బరువులు తగిలించాను. పొడి రోజుల్లో తేడా తెలిసింది, వానలో తెలియలేదు. దమ్ము చక్రాలు వేసుకోమన్నారు కొందరు. ఆ ఇనప చక్రాలు నాట్లకి ముందు చేలో బురద కలియదున్నే దమ్ముకి. తోటలో వేస్తే కొబ్బరి వేళ్లూ కోకో వేళ్లూ తెగుతాయి, గట్టెక్కాక తారురోడ్డు మీద వాటితో నడపకూడదు కూడా.

టైర్లకి గొలుసులు తొడిగే ఆలోచన మా బావమరిదిది. మిచిగాన్‌లో ఇంటి ముందు మంచు తోసుకోవడానికి చిన్న ట్రాక్టరుకి వేసుకుంటాడు. "బావా, మంచుగడ్డ మీదే జారదు, మీ ర్యాంపెంత" అని ఫొటో పంపాడు. అది నిచ్చెన రకం. టైరుకి రెండు పక్కలా రెండు గొలుసులు, మధ్యలో మెట్లలా అడ్డగొలుసులు. మా దగ్గర ట్రాక్టరు షాపుల్లో ఇలాంటివి దొరకవు. పడవలకి వాడే గొలుసు కొని వెల్డింగ్ షాపులో చేయించాను. "ఇది ట్రాక్టరుకా అండీ, ఏనుక్కా?" అన్నాడు వెల్డరు.

2021 వానల్లో మొదటిసారి వేసుకుని ర్యాంపు మీదకి వెళ్లాను. సగం కూడా ఎక్కలేదు. దిగి చూస్తే విషయం అర్థమైంది. మన పొలం టైరుకి పళ్లు ఏటవాలుగా, ఎత్తుగా, దూరం దూరంగా ఉంటాయి కదా. అడ్డగొలుసులన్నీ ఆ సందుల్లోకి దిగిపోయి హాయిగా పడుకున్నాయి. నేలకి తగులుతున్నది మళ్లీ రబ్బరే. మావాడి టైరు పళ్లు వెడల్పుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, అందుకే వాడికి నిచ్చెన గొలుసు పనిచేసింది. వాడి ఫొటోలో గొలుసు చూశాను, టైరు చూడలేదు. ఆ డబ్బులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

రెండో జత వల రకం. అడ్డగొలుసులు తిన్నగా కాకుండా ఒకదాన్నొకటి దాటుతూ డైమండ్ గళ్లలా వస్తాయి. ఏ పన్ను మీద చూసినా ఎక్కడో ఒకచోట గొలుసు పైకి తేలే ఉంటుంది, సందులోకి దిగదు. గొలుసు ఎక్కువ పడుతుంది, నాకు 13,000 అయింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన 2022 జూలై వరద తీశాక ర్యాంపు మీద మోకాలి మందాన ఒండ్రు మేట వేసింది. పైది పారలతో గీసేశాం, అడుగున జిగట మిగిలింది. దాని మీద ఖాళీ ట్రాలీతో దిగి, పడిపోయిన అరటి తీసేసి, మిగిలిన కొబ్బరికాయలు వేసుకుని ఆగకుండా ఎక్కేశాను. గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్లు ఈల వేశారు. ఆ వారమంతా కనిపించిన ప్రతివాడికీ ఈ గొలుసులు చేయించుకోమని చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మరుసటి ఏడాది సెప్టెంబరులో, ట్రాలీలో ఓ ఆరు వందల కాయలతో ర్యాంపు సగానికి వచ్చాను. వెనక మడ్‌గార్డు మీద టప్, టప్ అని చప్పుడు. రాయి ఇరుక్కుందేమో అనుకున్నాను. నాలుగు చుట్లు తిరిగేసరికి చప్పుడు ఆగింది, ట్రాక్టరు ఎడమవైపుకి లాగేసింది. లోపలివైపు కొక్కెం విడిపోయి, గొలుసు కొస బ్రేకు రాడ్డుకి చుట్టుకుని దాన్ని వంచేసింది. ఎడమ చక్రం బిగుసుకుపోయింది. ట్రాలీ మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. మా కుర్రాడు కొబ్బరి మొద్దు ఒకటి దొర్లించి ట్రాలీ చక్రం కింద పెట్టాడు కాబట్టి సరిపోయింది. వెనక తలుపు ఊడి కాయలు మాత్రం నీళ్ల దాకా దొర్లాయి. సాయంత్రం దాకా ఏరుకున్నాం.

తప్పు గొలుసుది కాదు, నాదే. వేశాక ఓ వంద గజాలు నడిపి, దిగి మళ్లీ బిగించాలి. మొదటి ఏడాది శ్రద్ధగా చేసి తర్వాత మానేశాను. లోపలివైపు గొలుసుకీ బ్రేకు రాడ్డుకీ మధ్య అప్పట్లో రెండు వేళ్లే పట్టేవి. గొలుసు వదులైతే ఆ సందు చాలదు. తర్వాత వెనక చక్రాలు కాస్త బయటికి జరిపించాను, ఇప్పుడు అరచెయ్యి పడుతుంది. పాత ట్యూబు ముక్కలు కోసి బయటివైపు నాలుగుచోట్ల సాగదీసి కట్టాను, గొలుసు అలాగే బిగువుగా ఉంటోంది.

ఇంకొన్ని. సీసీ రోడ్డు మీద వీటితో నడిపితే ఊరంతా తిట్టుకుంటుంది, రోడ్డుకీ గీతలు పడతాయి, అందుకే గట్టెక్కగానే విప్పేస్తాను. విప్పడం తేలిక. వేయడానికే ఇద్దరం కలిసి అరగంట పైనే పడుతుంది, ఒక్కోటీ పదిహేను కిలోల పైమాటే. దమ్ము చేసే చేలో వీటిని వేసి చూశాను, గొలుసులు బురదని తవ్వుకుంటూ కిందికి దింపేశాయి. అడుగున గట్టినేల ఉండి పైన జారుడుంటేనే వీటి పని.

రోజూ ర్యాంపు ఎక్కాల్సిన పని లేనివాళ్లకి ఇవి దండగ. నాకు తోట లంకలో ఉంది, ఇల్లు గట్టు ఇవతల ఉంది, కాయ దింపు వానల్లోనూ ఆగదు, అందుకని పెట్టిన డబ్బు వచ్చేసిందనే అనుకుంటున్నాను. మొదటి జత ఖర్చు కూడా కలిపితే ఆ మాట అనలేను. ఈ ఏడు ర్యాంపుకి కంకర పోశారు, గొలుసులు పాకలో వేలాడుతున్నాయి. పక్క లంకాయన అమ్మమని అడిగాడు. ఆగస్టు వెళ్లాక చెప్తానన్నాను.