పీవీఐడీ పేజీ మీద నా కోపం: మా లాడ్జిలో వీల్యాన్ స్విచ్‌కు రెండేళ్లు

పర్లాకిమిడిలో మాది 14 గదుల లాడ్జి. ఎనిమిది పోర్టుల ఈ స్మార్ట్ నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లు, కెమెరాల కేబుళ్లను కలిపే పెట్టె) కొన్నది ఒక్క పని కోసమే: బిల్లింగ్ కంప్యూటర్, కెమెరాల రికార్డర్, అతిథుల వైఫై ఒకదానికొకటి కనబడకూడదు. ఒక పూట కూర్చుని 10, 20, 30 అంకెలతో మూడు వీల్యాన్లు, అంటే ఒకే స్విచ్‌లో మూడు విడివిడి నెట్‌వర్కులు, పెట్టాను. అన్నీ పనిచేశాయి. ఇంత సులువా అని కనబడిన ప్రతివారికీ చెప్పాను.

నాలుగు నెలలు గడిచాయి. గుణుపురం నుంచి పరీక్ష రాయడానికి వచ్చి ఆరో నంబరు గదిలో దిగిన కుర్రాడు ఫోను పట్టుకుని కిందికి వచ్చాడు. "అంకుల్, మెట్ల మీద ఎవరో పాలక్యాను వదిలేశారు. ఎవరికైనా కాలికి తగులుతుంది." చూస్తే అతని ఫోనులో మా మెట్ల కెమెరా! రికార్డర్‌కు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేయడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ అసలా పేజీ అతని ఫోనులో తెరుచుకోనే కూడదు కదా. ఫోను చిరునామా అడిగి చూశాను. అతిథుల వీల్యాన్ 30 కనుక 192.168.30తో మొదలవ్వాల్సింది 192.168.1తో మొదలైంది.

రాత్రి రెండింటిదాకా వెతికితే సంగతి తేలింది. పోర్టును 30లో చేర్చడం ఒక పేజీలో. ఆ పోర్టులోకి ట్యాగు (ఏ వీల్యాన్‌దో చెప్పే గుర్తు) లేకుండా వచ్చే డేటా ఏ వీల్యాన్‌కు చెందాలో చెప్పే పీవీఐడీ మరో మెనూలో, మరో పేజీలో. అక్కడ అన్ని పోర్టులకూ 1 అనే ఉంది. పైగా మొదటి నుంచీ అన్ని పోర్టులూ ఉండే వీల్యాన్ 1లోంచి ఏ పోర్టునూ నేను తీయలేదు. గోడలు కట్టకుండా తలుపులకు నంబర్లు మాత్రం వేశానన్నమాట. పీవీఐడీ మార్చలేదని ఒక్క చిన్న హెచ్చరిక చూపిస్తే దీని సొమ్మేం పోయింది? ఖరీదైన స్విచ్‌లలో యాక్సెస్ పోర్టుకు (ఒకే వీల్యాన్‌కు కేటాయించే పోర్టుకు) ఒక్క అంకె ఇస్తే రెండూ కలిసే మారతాయి.

వేడికి తట్టుకుంటుందని కూడా మెచ్చుకునేవాడిని. అది రిసెప్షన్ బల్ల కింద ఉన్నప్పటి మాట. మే నెలలో అటక మీదికి ఎక్కించాక రెండుసార్లు బిగుసుకుపోయింది. ఇప్పుడు మళ్లీ బల్ల కిందే.

మా రౌటర్‌కు ట్యాగులు తెలుసు, వీల్యాన్ల మధ్య రాకపోకలను అక్కడే ఆపుకున్నాను, కాబట్టి నాకు సరిపోయింది. ట్యాగులు తెలియని రౌటరైతే వేరు చేసిన అతిథులకు ఇంటర్నెట్ అందించడమే కష్టం. సరిహద్దు అవతల పాతపట్నంలో దుకాణం తెరుస్తున్న మా బావమరిదికి ఇదే కొనమన్నాను. బిగించే రోజు మాత్రం నన్ను పిలవమన్నాను.